ప్రాత యినుపపొయ్యి

ఈ పాఠశాలలో చదివి దూరదేశములకు బోయినవారు వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము పంపవలెనని సంపాదకవర్గమువారు ప్రతి సంవత్సరమును కోరుచుందురు. మేమును ప్రతి సంవత్సరమును పంపెదమని మాట యిచ్చి తప్పించుకొనుచు వచ్చితిమి. విద్యను గూర్చియో, దేశసంచారమును గూర్చియో గంభీరముగా వ్రాయుదమని కూర్చుండిన ప్రతిసారియు మా యింటి గోడలో నుండిన యొక ప్రాత యినుపపొయ్యియే మనస్సున మెదలుచుండెను. కావున నీ తడవ దానిని గూర్చియే వ్రాయుచున్నాము. విషయము చిన్నదని చదువరులు చిఱునవ్వు నవ్వవచ్చును. కాని యీ పొయ్యి మూలమున మే మొక మిత్రుని స్నేహము పోగొట్టుకొంటిమి. తప్పు మాదా, యతనిదా యను విషయమున మాకొక యభిప్రాయము గలదు. దానిని దాచుకొనక చెప్పుటకే యీ వ్యాసము.

మేము నివసించునది అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి తీరమున నున్న ఒరెగాన్ రాష్ట్రము. అందు విల్లామెట్ అను నది ప్రవహించు లోయలో మా యిల్లు గలదు. మన సీమలో నెండకు నీడ యెంత యవసరమో, ఆ సీమలో చలికి నిప్పంత యవసరము. అందుచేత ప్రాతకాలపు టిండ్లలో ముందరిగది గోడయందే ఇటుకలతో నొక గూడు కట్టి, దాని మీదుగా ఇంటికప్పును దాటునంత యెత్తున నొక పొగగొట్టమును లేపుదురు. ఆ గూటిలో కట్టెలు పేర్చి మండించి, యెదుట కుర్చీలు వేసికొని కూర్చుందురు. దీనిని వారు ఫైర్‌ప్లేస్ అందురు. మేము మంటగూడు అని వ్రాసెదము. మంట చూచుటకు సొగసుగనే యుండును గాని, వేడిలో నధికభాగము పొగతో కూడ మీదికే పోవును. అంతియే కాదు. ఆ మంట గదిలోని వెచ్చనిగాలిని గూడ పీల్చి పైకి పంపును. ఆ లోటు నింపుటకు తలుపుసందులనుండి చలిగాలి లోనికి జొరబడును. మంటయెదుట కూర్చున్నవానికి మొగము కాలుచుండగా వీపు వణకుచుండును.

ఈ లోపమును దీర్చుటకు పూర్వమునుండియు బుద్ధిమంతులు యత్నించిరి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ మంటగూటిలో నమర్చుటకు ఇనుప పలకలతో నొక పొయ్యిని కల్పించి, దానిని వివరించుచు 1744లో నొక చిన్న పుస్తకమును ప్రకటించెను. దాని మీద సర్వహక్కులును నీ కొక్కనికే యిచ్చెదనని పెన్సిల్వేనియా గవర్నరు చెప్పగా, ఇతరుల కల్పనలచే మనము సుఖపడుచున్నాము గనుక మన కల్పనను ఇతరులకు ఉచితముగా నిచ్చుట ధర్మమని యాయన యా హక్కును వలదనెను. ఆయన పొయ్యి మొదట సరిగా పొగను లాగలేదనియు, పిమ్మట నితరులు దానిని దిద్దిరనియు చెప్పుదురు. అది వేఱు సంగతి. కౌంట్ రమ్‌ఫర్డ్ అనునాతడు 1796 ప్రాంతమున మంటగూటి కంఠమును సన్నము చేసి, ప్రక్కగోడలను వంచి కట్టినచో వేడి గదిలోనికి మఱలుననియు, పొగ నేరుగా పైకి బోవుననియు చూపెను. ఇంతవఱకును చరిత్ర. మా పొయ్యి యీ మహనీయుల కాలపుది కాదు.

1973లో అరబ్బు దేశములు అమెరికాకు నూనె పంపుట ఆపగా, ఆ దేశమున నూనెధర చుక్కలనంటెను. ఆరేండ్లకు ఇరాన్ విప్లవముతో మఱల నంటెను. అప్పుడు అమెరికనులు అడవికట్టెను తలంచుకొనిరి. ఊరూర కమ్మరికొట్టములవంటి చిన్న కర్మాగారములు వెలసి, ఉక్కురేకులను అదికి పెట్టెలవలె పొయ్యిలు చేసి యమ్మసాగెను. జనులు వానిని గొని తెచ్చి, అందమైన మంటగూళ్లలోనికి త్రోసి, చుట్టును రేకు బిగించి, అంతటితో పని తీరినదనుకొనిరి. 1978లో మా యింటి పూర్వయజమాని చేసినదియు నదియే. మేము 2006లో ఆ యిల్లు గొన్నప్పుడు పొయ్యియు దానితోనే మా కబ్బెను. సుమారు రెండువందల కిలోల బరువు, నల్లని మేను, తలుపుపైన పోతపోసిన దేవదారుకొమ్మ బొమ్మ. తలుపు తీయగనే కీచుమని పలికెడిది. మా చిన్నకూతురు దానికి ఏనుగు అని పేరు పెట్టెను.

దాని ఋణమును మేము మఱచిపోలేదు. 2021 ఫిబ్రవరిలో ఆ లోయయందు మంచువాన కురిసెను. మంచువాన యనగా హిమము కాదు. వానచినుకు చెట్టుకొమ్మను తాకగనే గాజువలె గడ్డకట్టుట. కొమ్మలు బరువు మోయలేక విఱిగి తీగలపై గూలెను. లక్షలకొలది యిండ్లకు విద్యుచ్ఛక్తి పోయెను. మా యింట నైదు రాత్రులు దీపము లేదు, వేడియంత్రము లేదు. ఆ యైదు దినములును ఆ యేనుగే మా యింటికి పెద్దదిక్కు. దాని మీదనే అన్నము వండుకొంటిమి. దాని యెదుటనే చాపలు పఱచుకొని అందఱమును పరుంటిమి. రాత్రి కట్టె చాలవలెనని, గాలి పోవు చిన్నతలుపును మూసి, మంటను నివురుగప్పిన నిప్పు చేసి యుంచెడివారము. తెల్లవారుసరికి గది వెచ్చగనే యుండెడిది. గోడల మీద మాత్రము సన్ననిమసి కనబడుచుండెను. మాతో నుండుటకు స్వదేశమునుండి వచ్చిన మా తల్లిగారు రాత్రులు దగ్గుచుండిరి. చలికి దగ్గుచున్నారని మేమనుకొంటిమి. ఈ మాట వ్రాయుటకు నేటికిని సిగ్గగుచున్నది.

తుపాను వెడలిన పిమ్మట పొగగొట్టములు శుభ్రపఱచు పనివానిని బిలిపించితిమి. పదునైదేండ్లలో నిదియే మొదటిసారి. అతడు కప్పు నెక్కి దీపము దింపి చూచి, దిగివచ్చి, చేతిలోని నల్లనిముక్క నొకదానిని బల్లమీద పెట్టెను. అది మసి కాదు; గాజువలె మెఱయుచున్న తారుగడ్డ. "ఈ పొయ్యి ముట్టింపకుడు. ఈ చలికాలమున మీ యిల్లు నిలిచియుండుట మీ యదృష్టము" అని యతడనెను.

ఆ గడ్డ యెట్లు పుట్టినదో చెప్పుట యవసరము. ఏలయన, దోషమంతయు నినుముది కాదు. తడికట్టె మండునప్పుడు వేడిలో కొంతభాగము ఆ నీటిని ఆవిరి చేయుటకే ఖర్చగును. అప్పుడే నఱికిన కట్టెలో నించుమించు సగము బరువు నీరే యుండవచ్చును. నూటికి ఇరువదిపాళ్లకు తక్కువ తేమ గలిగినదే పొయ్యిలో వేయదగినది. అందుకు చీల్చిన కట్టెను వానకు తడియకుండ గాలి యాడుచోట నాఱునెలలో యేడాదియో ఆఱబెట్టవలెను. మేము నిరుడు గొన్నదానిని నిరుడే కాల్చెడివారము. పైగా రాత్రి గాలితలుపు మూయుటచే కట్టె మండక కుములుచుండెను. కుమిలిన కట్టెనుండి వచ్చు దట్టమైన పొగ, చల్లని ఇటుకగోడకు తగిలి చెమర్చి గడ్డకట్టును. దీనికి క్రియోసోట్ అని పేరు. నిప్పు తగిలెనేని ఇది తానే యొక వంటచెఱకు. పొగగొట్టములో నిది యంటుకొనినచో వేడి వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడు వఱకు పోవచ్చును. ఇటుకల సందులు చీలి మంట ప్రక్కదూలముల కందును. అక్కడి యిండ్లు చాలవఱకు కొయ్యతో గట్టినవే.

అమరికయందును దోషము గలదు. పొయ్యినుండి కప్పువఱకు ఉక్కుగొట్టము దింపి, పొగను దానిగుండ పంపవలసినది. 1978లో ఆ ఖర్చు పెట్టినవారు లేరు. పొయ్యి వెనుకటి రంధ్రము విశాలమైన ఇటుకగూటిలోనికి ఊరక తెఱచియుండెను. సన్నని కాలువనీటిని చెఱువులోనికి వదలినచో వేగము తగ్గి బురద దిగినట్లు, ఆ పొగయు పెద్దగూటిలో బడి చల్లారి యక్కడనే పేరుకొనుచుండెను. ఇట్లు పొయ్యిదొక తప్పు, అమర్చినవానిదొక తప్పు, తడికట్టె వేసి గాలి మూసిన మాది రెండు తప్పులు.

ఇక పొగమాట. సమాఖ్య ప్రభుత్వమువారి పర్యావరణ రక్షణసంస్థ లెక్క ప్రకారము, నియమములకు పూర్వము చేయబడిన ప్రాత పొయ్యి గంటకు 15 మొదలు 30 గ్రాముల పొగధూళిని వెడలగ్రక్కును. 2020 నుండి అమ్మకమునకు వచ్చు క్రొత్త పొయ్యి పరీక్షయందు గంటకు రెండు, రెండున్నర గ్రాములను మించరాదు. ఈ ధూళి కంటికి కనబడు బూడిద కాదు. అందు హానికరమైన కణము తలవెండ్రుక లావులో ముప్పదవవంతు కూడ నుండదు. ముక్కులోని వెండ్రుకలు దాని నాపజాలవు. అది యూపిరితిత్తుల యడుగువఱకు దిగును. ఒరెగాన్‌వారు సమాఖ్య ప్రభుత్వము 1988లో నియమము చేయుటకు ముందే, 1986 నుండియే, క్రొత్త పొయ్యిలకు పరీక్ష విధించిరి. 2010 ఆగస్టు నుండి ఆ రాష్ట్రమున నెవరైన ఇల్లు అమ్మునప్పుడు అందలి పరీక్షకు నిలువని ప్రాతపొయ్యిని తీసి నాశనము చేయవలెను. తీసి వేఱొకరికి అమ్ముటకు గాని, వేఱొకచోట నమర్చుటకు గాని వీలులేదు. అయితే మేము కొన్నది అంతకు ముందు. మాకు అమ్ము నుద్దేశము లేదు. శాసనము మమ్ము బలవంతపెట్టలేదు. ఉంచుకొందుమా, తీసివేయుదుమా యనుట మా యిష్టమునకే వదలబడెను. మనుష్యుని బుద్ధి బయటపడునది యిట్టి చోటనే.

సలహాలకు కొదువ లేదు. ఒకరు ఉక్కుగొట్టము దింపి యీ పొయ్యినే వాడుకొమ్మనిరి. అప్పుడు ఇల్లు కాలదు గాని పొగ తగ్గదు. ఒకరు లోపల దీపము పెట్టి అలంకారముగా నుంచుకొమ్మనిరి. ఇది మా కూతునకు నచ్చెను. మాకును కొంత నచ్చెను. కాని విద్యుచ్ఛక్తి మఱల పోయిన రాత్రి, చలి యెముకలు కొఱుకుచుండగా, ఆ దీపము తీసి కట్టె పెట్టకుండుటకు తగిన గుండెనిబ్బరము మాకు గలదా? లేదని మమ్ము మేమెఱుగుదుము.

ఇంతమంది నడిగితిమి గాని మా తల్లిగారి నడుగలేదు. ఆమె యే ఒకనాడు భోజనమువేళ మాట యెత్తిరి. "నలభై యేండ్లు ఊదుగొట్టంతో పొయ్యి ఊదినదాన్ని నాయనా. సరుగుడు కట్టె, పిడకలు, వానాకాలంలో తడిసిన తాటిమట్టలు. కండ్లు మండి ఏడ్చానో, కష్టానికి ఏడ్చానో నాకే తెలిసేది కాదు. గ్యాసు వచ్చిననాడు ఆ మట్టిపొయ్యి నా చేత్తోనే పగులగొట్టాను. సముద్రాలు దాటి వచ్చి మీరు దాన్ని గోడలో పెట్టి ముద్దుచేస్తున్నారు" అనిరి. ఆమెది ప్రకాశము జిల్లాలోని యొక గ్రామము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపము పథకము క్రింద పేదకుటుంబముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులు ఇచ్చిన దినములను ఆ తరమువా రెవరును మఱవరు. మా యిల్లాలును నేమియు మాటాడలేదు, మేమును మాటాడలేదు. తుపానురాత్రుల దగ్గు మాకు జ్ఞప్తికి వచ్చెను.

ఆమె మఱియొక సంగతియు చెప్పిరి. 1983 తరువాత కేంద్రప్రభుత్వమువారు పొగలేని పొయ్యిలను గ్రామములలో ప్రచారము చేసిరి గదా. అట్టిదానిని మా వంటయింటను కట్టిరి. మొదటియేడు పొగ చక్కగా గొట్టమున బోయెను. రెండవయేడు గొట్టము మసితో పూడెను. దానిని తీసి శుభ్రపఱచవలెనని కట్టినవారు చెప్పలేదు. చెప్పినను మగవారు కప్పెక్కి ఆ పని చేయలేదు. మూడవయేడు పొగ యంతయు మఱల వంటయింటనే. "క్రొత్తపొయ్యి తెచ్చుకొంటే సరిపోదు నాయనా, గొట్టం ఎవరు తుడుస్తారో ముందు చెప్పండి" అని యామె యడిగిరి. ఇంజనీర్లు వ్రాసిన పుస్తకములు మేము కొన్ని చదివితిమి. ఈ ప్రశ్నకంటె మంచి ప్రశ్న వానిలో మాకు కనబడలేదు.

తీసివేయుటకు నిశ్చయించితిమి. అప్పుడు మా మిత్రుడు వచ్చెను. అతడు మనవాడే, మా ప్రక్కజిల్లావాడు, మాకంటె చాల చిన్నవాడు. మమ్ము అన్నగారని పిలుచును. మా యూరికి పదిమైళ్ల దూరమున ద్రాక్షతోటల నడుమ నొక ప్రాతయిల్లు అద్దెకు దీసికొని, భార్యతోను ఏడాదిబిడ్డతోను ఉండెను. భోజనశాలలో వంటపని; ఆదాయ మంతంతమాత్రము. తుపానుదినములలో వారు మూడు రాత్రులు కారులో కూర్చుండి దాని వేడితో గడపిరని మాకు తరువాత తెలిసెను. అతని యింటను ఖాళీగా నొక మంటగూడు గలదు. "అన్నగారూ, మీరు పాఱవేయునది నా కియ్యుడు. నలుగురు స్నేహితులను బట్టుకొని వచ్చి మోసికొని పోయెదను. మీకు కూలి ఖర్చు కూడ నుండదు" అనెను.

మేము మొదట సరే యంటిమి. ఇది దాచరాదు. అప్పుడు మా మనస్సు ఎంత తేలికపడెనో చెప్పజాలము. ఏనుగు బ్రతికియుండును, మిత్రునకు మేలగును, మాకు దాత యను పేరు వచ్చును. ఒక్క పనితో మూడు సుఖములు. ఆ రాత్రి పండుకొన్న తరువాత ఏడాదిబిడ్డ కన్నులయెదుట మెదలెను. మేము మా తల్లికి తగదని తీసివేయుచున్నదానిని అతని బిడ్డకు తగునని పంపుచున్నాము. మాకు హాని యని తెలిసిన వస్తువును, తనకది హాని యని తెలియనివానికి, తెలిసినను చలిచే లెక్కచేయజాలనివానికి ఇచ్చి, దానిని దానమనుట యెట్లు? మనలో నీ యలవాటు మిక్కుటముగా గలదు. చినిగిన దుప్పటి, పగిలిన గిన్నె, ఎక్కువైన నిన్నటి కూర, ఏది మనకు పనికిరాదో యది పేదవానికి పనికివచ్చునని మన నమ్మకము. పుచ్చుకొన్నవాడు నమస్కరించుటచే నమ్మకము బలపడును. ఫ్రాంక్లిన్ లోకమున కిచ్చినది తన పొయ్యి యుపాయమును. మేము మిత్రున కియ్యబోయినది మా పొయ్యి పొగను.

మఱునాడు వెళ్లి ఇయ్యలేమని చెప్పితిమి. పొగగొట్టపు తారును గూర్చి చెప్పితిమి. బిడ్డ యూపిరితిత్తులను గూర్చి చెప్పితిమి. అమర్చుటకు శాసనము ఒప్పదని చెప్పితిమి. అతడంతయు విని, "మీ యింట నైదు రాత్రులు మండినది గదా అన్నగారూ, మీ రందఱును బాగుగనే యున్నారు గదా" అనెను. పిమ్మట, "పొగతో చచ్చువారు ఇరువదేండ్లకు చత్తురు. చలితో చచ్చువారు ఆ రాత్రియే చత్తురు" అనెను. ఈ మాటకు మావద్ద వెంటనే బదులు లేదు. ఇప్పుడును పూర్తిగా గలదని చెప్పము.

అతని వాదమున బలము గలదని యొప్పుకొనుచునే మే మిట్లు తలంచుచున్నాము. పొగతో నా రాత్రియే చచ్చువారును గలరు. గొట్టము పూడిన పొయ్యినుండి కార్బన్ మోనాక్సైడు అను వాసనలేని విషవాయువు గదిలోనికి మఱలి, నిద్రించినవారిని లేవనీయదు. చలికి వడకి దానిని కోరువాడు గొట్టము శుభ్రపఱచుటకు సొమ్ము లేనివాడు. ఆఱిన కట్టె కొనుటకును సొమ్ము లేనివాడు. కావున మాయింటనే యింత చెడుగా మండినది అతనియింట నింకను చెడుగా మండును. దరిద్రునకు మంచిపొయ్యి కావలెను గాని చెడ్డపొయ్యి చాలునని వాదించుట తలక్రిందుల న్యాయము.

ఇది రెండిండ్ల సంగతి మాత్రమే యైన నింత వ్రాయకపోదుము. ఆ లోయ చుట్టును కొండలు గలవు. చలికాలమున గాలి లేని రాత్రులయందు చల్లనిగాలి బరువుచే లోయయడుగున దిగి నిలుచును. దానిపైన వెచ్చనిగాలి మూతవలె కప్పుకొనును. అప్పుడు పొగ మీదికి బోవుటకు దారి లేదు. ఒక్కయింటి పొగ వీధియంతయు పీల్చవలసినదే. మాంటానా రాష్ట్రమున లిబ్బీ అను చిన్న యూరు ఇట్టిదే, కొండలనడుమ గిన్నెలోనున్నట్లుండును. అక్కడ 2005 మొదలు 2007 వఱకు ప్రభుత్వమువారును పొయ్యివర్తకులును కలసి 1,100కు పైగా ప్రాతపొయ్యిలను తీయించి మంచివానిని పెట్టించిరి. తరువాతి చలికాలములలో గాలిలోని సన్నధూళి యించుమించు నాలుగింట నొకవంతు తగ్గెననియు, పిల్లలకు పిల్లికూతల యుబ్బసము తగ్గెననియు పరీక్షించినవారు వ్రాసిరి. అక్కడ తీసిన పొయ్యిలను ప్రక్కయూరికి పంపియుండినచో రోగము ఊరు మాఱియుండెడిదే గాని తగ్గియుండెడిది కాదు. ప్రాతపొయ్యిని నాశనము చేయవలెనను నియమము మొదట మాకు దుబారాగా తోచెను. మంచి యినుమును ఏల పాడుచేయవలెనని కోపమును వచ్చెను. ఇప్పుడు మాత్రము, ఆ నియమములో నన్నిటికంటె తెలివిగల వాక్య మదియే యని తలంచుచున్నాము.

జూన్ నెలలో నలుగురు కూలివాండ్రు వచ్చి యేనుగును బయటికి లాగిరి. దాని వెనుక గూటిలో రెండు గంపల తారుమసియు, ఒక యెండిపోయిన పిట్టయు నుండెను. ప్రాతయినుము కొనువాని యావరణమునకు మేమును బండివెంట వెళ్లితిమి. అక్కడ తలుపు నూడబెఱికి, మేనిని కోసి, ఇనుపకుప్పలో వేసిరి. తలుపైన నుంచుకొందమని మా కూతురు బ్రతిమాలెను. ఒట్టి తలుపు ఎవరికిని పొగ పెట్టదు గనుక ఆ దేవదారుకొమ్మ తలుపును మాత్రము తెచ్చుకొంటిమి. అదిప్పుడు పెరటిలో పూలకుండీకి ఆనించియున్నది. మిగిలిన యినుము తూకమునకు మాకు ముట్టినది కూలిఖర్చులో సగము కూడ కాదు.

ఖాళీగూటిలో నేమి పెట్టవలెనను ప్రశ్న యింకను మిగిలెను. దినచర్యకు విద్యుచ్ఛక్తితో పనిచేయు హీట్ పంపు గలదు. దానికి పొగ లేదు. కాని తుపానురాత్రి అది పనిచేయదు. తుదకు పరీక్షకు నిలిచిన యొక చిన్న పొయ్యిని గొని, దానినుండి కప్పువఱకు త్రుప్పుపట్టని యుక్కుగొట్టమును దింపించితిమి. గొట్టమునకే పొయ్యిలో సగము ధర యయ్యెను. అందుకు పనివానితో మేము బేరమాడలేదు. మా జన్మలో బేరమాడక యిచ్చిన సొమ్ము అదియొక్కటే కావచ్చును. మా తల్లిగారు మూడు షరతులు పెట్టిరి. కరెంటు పోయిననాడు తప్ప ముట్టింపరాదు. కట్టె రెండేండ్ల క్రిందటిది కావలెను. ప్రతి సెప్టెంబరులోను గొట్టము తుడిపించి, తుడిచినవాని రసీదు ఆమెకు చూపవలెను. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినను తేది చూచి, ఆ రసీదును తన పెట్టెలో దాచుకొందురు.

మిత్రుడు మాత్రము ఆ జూన్ నుండి మా యింటికి రాలేదు. వానియింటికి వెళ్లితిమి, మర్యాదగా కాఫీ యిచ్చి, మాట తక్కువ చేసెను. అద్దెయింటి యజమానునితో మాటాడి మంచిపొయ్యి పెట్టింతమనియు, ఖర్చులో భాగము మేము భరింతుమనియు చెప్పితిమి. వల దనెను. అతని స్థానమున నున్నచో మేమును వల దనియే యుందుము. ఇయ్యదలచినది మొదట మంచిదానినే యియ్యవలసినది. చెడ్డదానిని సరే యని, పిమ్మట లేదని, ఆపైన మంచిదాని నిచ్చెదమనుట పుచ్చుకొనువానికి అవమానమే. ఇయ్యకపోవుటయందు మా తప్పు లేదు. మొదట సరే యనుటయందు గలదు.

2024 జనవరిలో మంచువాన మఱల వచ్చెను. మొదటి సాయంకాలమే తీగలు తెగెను. మేము క్రొత్తపొయ్యి ముట్టించి, అతనికి ఫోను చేసి, భార్యాబిడ్డలతో వచ్చి మాతో నుండుమని యడిగితిమి. చాలసేపు బదులు లేదు. తరువాత, "అమ్మగారికి ఇబ్బంది కాదా?" అని మాత్రమనెను. ఆమెయే ఫోను తీసికొని, "బిడ్డకు జలుబు చేయకముందే తీసుకురా నాయనా" అనిరి. రాత్రి తొమ్మిదిగంటలకు అతని కారు మంచుపై మెల్లమెల్లగా ప్రాకుచు వచ్చి మా వాకిట నిలిచెను. భార్యను, బిడ్డను, రెండు మూటలను దింపెను. తనకు భోజనశాలలో పని గలదని చెప్పి, కారు దిగకయే వెడలిపోయెను. మూడేండ్ల నాడు ఏడాదిదైన ఆ బిడ్డ యిప్పుడు పరుగులిడుచుండెను. నేరుగా పోయి పొయ్యి యద్దమునకు ముక్కానించి మంటను చూడబోయెను. మా తల్లిగారు చేయిపట్టి లాగి, తన ప్రక్కను కూర్చుండబెట్టుకొని, పొయ్యికి మూరెడు దూరమున ముగ్గుపిండితో నొక గీత గీసిరి. మూడు రాత్రులు బిడ్డ ఆ గీత దాటలేదు. నాలుగవ యుదయమున కరెంటు వచ్చెను.